రంగు డబ్బా మీది చిన్న అక్షరాలు

జుట్టుకు వేసుకునే రంగు డబ్బా మీద, కళ్ళజోడు పెట్టుకున్నా కష్టంగా కనిపించే అక్షరాలలో ఒక హెచ్చరిక ముద్రించి ఉంటుంది. ఇందులోని పదార్థాల వలన కొందరికి చర్మం రేగవచ్చుననీ, కనుక ముందుగా పరీక్షించి చూసుకోవాలనీ, కనుబొమలకూ కనురెప్పల వెంట్రుకలకూ వాడితే చూపే పోవచ్చుననీ దాని సారాంశం. మీరెప్పుడైనా దానిని పూర్తిగా చదివారా? చదివామన్నవారు నా వైద్యవృత్తిలో బహు అరుదుగా తారసపడ్డారు. దాచుకోవడమెందుకు, చాలాకాలం నేనూ చదవలేదు.

నా చేత చదివించినది ఒక ఉపాధ్యాయిని. నడుము దాటిన జడ ఆమెది. ఏళ్ళ తరబడి రంగు వేసుకుంటున్నా ఏ ఇబ్బందీ కలగలేదు. కుమార్తె పెళ్ళికి రెండు రోజుల ముందు అలవాటు ప్రకారం వేసుకున్నారు. పెళ్ళినాటి ఉదయం, కళ్ళు తెరవలేనంతగా వాచిన ముఖంతో, చెవుల వెనుక కారుతున్న రసితో నా వద్దకు వచ్చారు. “ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెందుకు వచ్చింది డాక్టరుగారూ?” అన్నది ఆమె ప్రశ్న. దానికి సమాధానం సగం వైద్యశాస్త్రంలోనూ, సగం చరిత్రలోనూ ఉంది.

నెరిసిన తలను దాచుకోవాలన్న కోరిక చాలా పాతది. ప్రాచీన గ్రీకులు, రోమనులు సీసపు భస్మాన్ని సున్నంతో కలిపి తలకు పట్టించేవారు. ఆ పద్ధతిని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 2006లో ప్రయోగశాలలో మళ్ళీ చేసి చూశారు. వెంట్రుకలోని గంధకంతో సీసం కలిసి, కంటికి కనిపించని నల్లని స్ఫటికాలుగా వెంట్రుక లోపలే ఏర్పడుతోందని తేల్చారు. నలుపు అమోఘమే గాని, సీసం విషం. అయినా మానవుడు దానిని అంత తేలికగా వదలలేదు. సీసపు లవణంతో చేసే రంగును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1980లో అనుమతించింది. ఆ అనుమతిని రద్దు చేస్తున్నట్లు ప్రకటించినది 2018లో!

మన వైపు గోరింటాకు, నీలి ఆకు ఉండేవి. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం వెంట్రుకలోని కెరాటిన్‌ను పట్టుకుంటుంది. తెల్లవెంట్రుకపై అది ఎర్రగా పండుతుంది. దానిపైన నీలి ఆకు పొడి పట్టిస్తే ముదురు గోధుమ రంగు, నలుపు వస్తాయి. కడప ప్రాంతపు నీలిమందు ఒకప్పుడు ఓడలెక్కి ఐరోపాకు వెళ్ళింది. ఆ వ్యాపారాన్ని దెబ్బతీసిన బొగ్గు తారు రసాయన పరిశ్రమే మన తల మీది రంగును కూడా మార్చివేసింది.

1856లో లండనులో విలియం హెన్రీ పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ విద్యార్థి మలేరియాకు మందైన క్వినైన్‌ను బొగ్గు తారు నుండి తయారు చేయబోయాడు. మందు రాలేదు; ఊదారంగు వచ్చింది. కృత్రిమ రంగుల యుగం ఆ వైఫల్యంతోనే మొదలైంది. ఆ కుటుంబానికి చెందినదే పారాఫినైలీన్ డయమీన్, పొట్టిగా పి.పి.డి. దీనితో జుట్టుకు రంగు వేసే పద్ధతికి 1883లో ఫ్రాన్సులో పేటెంటు లభించింది. 1909లో యూజీన్ షూయెలర్ అనే రసాయనజ్ఞుడు పారిస్‌లో ఒక సంస్థ స్థాపించాడు. దాని పేరుకు అర్థం ‘హాని చేయని కేశవర్ణాల ఫ్రెంచి సంఘం’. అదే తరువాత లోరియల్ అయింది. హాని చేయనివని పేరులోనే చెప్పుకోవలసి వచ్చిందంటే, ఆనాటికే ప్రజలలో ఎంత భయం ఉండేదో ఊహించండి.

ఈ రంగు పనిచేసే తీరు తెలుసుకోవడం మంచిది. అమోనియా వంటి క్షారం వెంట్రుక పైపొరను ఉబ్బించి తెరుస్తుంది. చిన్న అణువులైన పి.పి.డి. లోనికి జొరబడుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు తగలగానే ఆ అణువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, బయటకు రాలేక అక్కడే చిక్కుకుంటాయి. అందుకే తలంటుకున్నా రంగు పోదు. అయితే ఈ మార్పు జరిగే కొద్దిసేపట్లోనే పుట్టే మధ్యంతర పదార్థాలు తలపై చర్మంలోనికీ చేరుతాయి. శరీర రక్షణ వ్యవస్థ వాటిని శత్రువుగా గుర్తు పెట్టుకుంటే, మరుసటిసారి తాకిడికి ఎదురుదాడి చేస్తుంది. ఆ గుర్తింపు మొదటి వాడకంలోనే జరగవచ్చు, పదేళ్ళ తరువాతనూ జరగవచ్చు. ఉపాధ్యాయిని ప్రశ్నకు వైద్యశాస్త్రం చెప్పే సమాధానం ఇదే.

ఇక చరిత్ర చెప్పేది. 1933 ప్రాంతంలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే కనురెప్పల రంగు అమ్మేవారు. అందులో ఉన్నది పి.పి.డి. జాతి రసాయనమే. దానిని వేయించుకున్న స్త్రీలలో కొందరి కంటిపాపలపై పుండ్లు పడ్డాయి. చూపు పోయినవారున్నారు, ప్రాణం పోయినవారూ ఉన్నారు. దానిని మార్కెట్టు నుండి తొలగించే అధికారం అప్పటి ప్రభుత్వానికి లేదు. 1938లో కొత్త శాసనం వచ్చి కంటి రంగులను అదుపు చేసింది. కాని తలకు వేసే తారు రంగులకు అదే శాసనం మినహాయింపు ఇచ్చింది. దానికి పెట్టిన షరతు ఒక్కటే: పెట్టె మీద హెచ్చరిక ముద్రించాలి, పరీక్ష చేసుకునే విధానం తెలపాలి. మన దేశపు నిబంధనలలోనూ దాదాపు అవే మాటలు చేరాయి. ఇంగ్లీషులోనూ స్థానిక భాషలలోనూ, స్పష్టంగా కనబడేటట్లు ముద్రించాలని కూడా ఉంది. స్పష్టత మాట దేవుడెరుగు.

అంటే పాఠకులారా, ఈ రంగు మీకు పడుతుందా లేదా అని ఏ ప్రభుత్వమూ మీ తరఫున పరీక్షించలేదు. ఆ పని మీకే వదిలివేశారు.

కాన్సరు సంగతి కూడా అడుగుతారు. 1975లో బ్రూస్ ఏమ్స్ బృందం పరీక్షించిన 169 శాశ్వత రంగులలో 150 సూక్ష్మజీవుల జన్యువులను మార్చగలవని తేలి గగ్గోలు పుట్టింది. కొన్ని పదార్థాలను తరువాత తొలగించారు. లక్షా పదిహేడు వేల మందికి పైగా అమెరికా నర్సులను 36 ఏళ్ళు గమనించిన అధ్యయనం 2020లో వెలువడింది. సొంత జుట్టుకు శాశ్వత రంగు వేసుకునేవారిలో చాలా రకాల కాన్సర్లు పెరగలేదనీ, కొన్ని రకాలలో మాత్రం స్వల్ప పెరుగుదల కనిపించిందనీ అందులో ఉంది. నా దృష్టిలో, సొంతానికి వాడేవారు ఎక్కువగా జాగ్రత్త పడవలసినది అలర్జీ విషయంలోనే. రోజూ పదిమందికి రంగు వేసే సెలూన్ పనివారి సంగతి వేరు; వారికి చేతితొడుగులు, గాలి వచ్చే గది తప్పనిసరి.

వేసుకోవాలనే నిశ్చయించుకుంటే, కలిపిన రంగును చెవి వెనుక గాని, మోచేతి మడత వద్ద గాని కొద్దిగా రాయండి. మన నిబంధన 24 గంటలు చాలంటుంది. ఈ అలర్జీ రెండవ, మూడవ రోజున కూడా బయటపడుతుంది కనుక నేను 48 గంటలు ఆగమంటాను. దురద గాని, ఎరుపు గాని కనిపిస్తే ఆ రంగు మీకు కాదు. పరీక్ష ప్రతిసారీ చేయాలి. పెళ్ళికి రెండు రోజుల ముందు కాదు, రెండు వారాల ముందు. పొడవు జుట్టున్నవారు మరొకటి గమనించాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాటిన జడ కొసకు అయిదారేళ్ళ వయస్సుంటుంది. ప్రతిసారీ కొసదాకా రంగు పూస్తే ఆ పాత వెంట్రుక పైపొర మళ్ళీ మళ్ళీ ఉబ్బి, చిట్లి, తెగుతుంది. కుదుళ్ళ వద్ద కొత్తగా తెల్లబడిన భాగానికి వేస్తే చాలు. అదే గిన్నెలోని రంగును కనుబొమలకు అద్దుకునే పురుషులకు లాష్ లూర్ కథే చాలునేమో.

ఇంట్లో ఆ డబ్బాను మందులలాగే తాళం వేసి ఉంచండి. పొరపాటున గాని, మరేవిధంగా గాని కడుపులోనికి వెళ్ళితే గొంతు వాచి ఊపిరాడదు, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. విరుగుడు మందు లేదు. మన తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులు ఇటువంటి రోగులను చాలామందిని చూశాయి. లక్షణాల కోసం ఎదురుచూడక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఉపాధ్యాయిని కోలుకున్న కొన్ని నెలలకు ఒక పొట్లంతో మళ్ళీ వచ్చారు. పైన ఆకు బొమ్మ, ‘నల్ల హెన్నా’ అన్న పేరు. గోరింటాకే కదా, వాడవచ్చునా అని అడిగారు. గోరింటాకు ఏనాడూ నల్లగా పండదని చెప్పి, భూతద్దం తీసి వెనుకవైపు చదివాను. నాలుగవ పదార్థం పి.పి.డి. ఆమె ఆ పొట్లాన్ని నా బల్ల మీదనే వదిలి వెళ్ళారు. ఇప్పుడు ఆ జడ పూర్తిగా తెల్లగా ఉంది, పొడవు మాత్రం తగ్గలేదు.