అహోబిలమున చిరువర్తకుని కష్టసంవత్సరము

క్షేత్రముల చరిత్రమును వ్రాయువారు రాజుల దానములను, దండయాత్రలను వ్రాయుదురు. కళింగ దండయాత్రల కాలమున కృష్ణదేవరాయలు అహోబిలేశ్వరుని దర్శించి ఆభరణములు సమర్పించినట్లు శాసనము చెప్పుచున్నది. 1579లో గోల్కొండ సైన్యములు ఈ క్షేత్రమును పట్టుకొనుటయు, కొన్ని సంవత్సరములకు విజయనగర పక్షపు నాయకులు దానిని మరల విడిపించుటయు చరిత్రకెక్కినవి. అయితే పూజలు నిలిచిన యా సంవత్సరములలో గుడి ముంగిట పూలమ్ముకొనువాడు ఏమి తిని బ్రదికెనో చెప్పు శాసనము మేమెఱిగినంతలో లేదు. రాజ్యములు కోలుపోయిన వానిని మరల సంపాదించుకొనవచ్చును. పది రూపాయల మూలధనముగల వర్తకునకు ఒక్క చెడు సంవత్సరమే సర్వనాశనము కావచ్చును. కావున వాని కష్టమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించితిమి.

అహోబిలము నల్లమల యడుగున నున్న చిన్న గ్రామము. దిగువ సన్నిధి నుండి ఎగువ సన్నిధికి సుమారు 8 కిలోమీటర్లు. తొమ్మిది నారసింహ స్థానములలో కొన్నింటికి రాళ్లమీదను, వాగులలోను నడచియే పోవలయును. టెంకాయలు, తులసిమాలలు, ఊతకఱ్ఱలు, మజ్జిగ, ఫలహారములు అమ్మువారి జీవనము ఈ యాత్రికులపైననే యాధారపడియున్నది. కనుమ మొదలు సుమారు నలువది దినములు స్వామి పారువేటకై ఊరూర తిరుగును. ఫాల్గుణమున బ్రహ్మోత్సవములు, పిమ్మట వేసవి సెలవుల యాత్రికులు, నెలనెల స్వాతి నక్షత్రపు రద్దీ. ఈ కొలది దినముల యార్జనముతోనే తక్కిన దినములు గడువవలయును. రైతునకు వాన యెట్టిదో వీరికి జనసమ్మర్దము అట్టిది.

వాన తప్పినను రైతుతోపాటు వర్తకుడును చెడును. 1876-78 సంవత్సరముల మహాక్షామమున కర్నూలు మండలము ఘోరముగా దెబ్బతినెను. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చి చూచినచో ఈ మండలమున సుమారు నాలుగవ వంతు జనము తగ్గినట్లు కాననగును. ధాన్యవ్యాపారమున జోక్యము చేసికొనరాదని నాటి ప్రభుత్వము పట్టుపట్టెను. నిలువచేయగల పెద్ద వర్తకునకు ధర పెరుగుట లాభమే. అరువు మీద అమ్మిన పల్లె యంగడివానికి మాత్రము, బాకీదారుడు ఊరు విడిచిపోయిననో, మరణించిననో, పద్దు పుస్తకము వట్టి కాగితమే గదా! సహాయము కోరువారిని క్షామపు పనులలో రాళ్లు కొట్టుమనిరి. 1877లో రోజుకూలిని ఒక పౌను ధాన్యపు ధరకును, అరయణాకును తగ్గించిరి. అంగడిని నిలుపుకొనుటకు సహాయమను తలంపు నాడు పుట్టనేలేదు.

1929 తరువాత లోకమంతటను ధరలు పడిపోగా అప్పులు భరింపరానివయ్యెను. 1938లో రాజగోపాలాచారి మంత్రివర్గము మద్రాసు రైతు ఋణవిమోచన శాసనమును చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయ్యెను. ఎందఱో రైతులకు ఊపిరి పోసిన మేలైన చట్టమది. అయినను అది భూమియందు హక్కుగల వ్యవసాయదారునకే వర్తించెను. భూమిలేని యంగడివానికి దానియందు చోటులేదు.

2020లో మఱియొక విధమైన క్షామము వచ్చెను. ఫాల్గుణ బ్రహ్మోత్సవములు ముగిసిన కొలది దినములకే, కరోనా మహమ్మారి కారణముగా, మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. ఏప్రిల్ 1న క్రొత్త యార్థిక సంవత్సరము మూతపడిన తలుపులతోనే ప్రారంభమయ్యెను. దేవాలయములు జూను 8 నుండి తెఱచుకొనుటకు అనుమతి కలిగెను. వేసవి బేరము అప్పటికే పోయెను. ఈ మారు ధాన్యము కఱవు కాలేదు, కొనువాడే కఱవయ్యెను.

సహాయము రాలేదనరాదు. మార్చి 27న రిజర్వు బ్యాంకు ఋణవాయిదాలకు మూడు నెలల విరామమిచ్చి, పిదప ఆగస్టు 31 వఱకు పొడిగించెను. వడ్డీవ్యాపారి వద్ద అప్పుచేసినవానికి ఆ విరామము లేదు. జూనులో కేంద్రప్రభుత్వము వీధివర్తకులకు 10,000 రూపాయల ఋణమిచ్చు స్వనిధి పథకమును ప్రారంభించెను. అది ముఖ్యముగా పట్టణములకై యేర్పడినది. నవంబరు 25న రాష్ట్రప్రభుత్వము ప్రారంభించిన తోడు పథకము పల్లెలకును వర్తించెను. సుమారు 5 అడుగుల చదరపు బంకు గలవానికిని వడ్డీభారము లేకుండ 10,000 రూపాయలు బ్యాంకుద్వారా లభించుట చిన్న సంగతి కాదు. నూటికి నెలకు పది రూపాయల వడ్డీకి తెచ్చినచో ఆ పదివేలకు సంవత్సరమునకు వడ్డీయే 12,000 రూపాయలగును! ఐనను ఆ సహాయము వేసవి పోయిన పిమ్మట ఆఱు నెలలకు వచ్చినది. మఱుసటి వేసవియందు, 2021 మే 5 నుండి, రాష్ట్రమున పగలు పండ్రెండు గంటల తరువాత మరల కర్ఫ్యూ విధింపబడెను.

ఈ చరిత్రమునుండి మేము గ్రహించునది యిది. చిరువర్తకుని పొదుపు గొప్పదే. కాని పొదుపొక్కటే చెడు సంవత్సరమును దాటింపజాలదు. న్యాయమైన వడ్డీకి అప్పు పుట్టు మార్గము కష్టమునకు ముందే సిద్ధముగా నుండవలయును. దానికి బ్యాంకులో ఖాతాయు, వ్రాతపూర్వకమైన లెక్కయు అవసరములు. అంగడి సొమ్మును ఇంటి సొమ్మును వేర్వేరు పద్దులలో వ్రాయుట, ఆ పద్దు ఇంటి యిల్లాలికిని తెలిసియుండుట, సరకుటప్పును పెండ్లి యప్పుతో కలుపకుండుట మొదలైనవి అందఱకును సాధ్యములే.

చదువరులకును ఇందు కర్తవ్యము కలదు. మన వీధి చివర అంగడిలో మన పేర పద్దు లేని యిల్లు అరుదు. మన బాకీయే యాతని మూలధనము. గుడిలో హుండీకి ముడుపు చెల్లించుటకు ముందు ఆ పద్దును చెల్లించుట మేలని మా యభిప్రాయము.