తెలుగు రాష్ట్రాలలో క్రిప్టోకరెన్సీ నేరాలు

క్రిప్టోకరెన్సీ నేరాలు అనగా బిట్‌కాయిన్, టెథర్ వంటి డిజిటల్ ద్రవ్యములను బెదిరింపు వసూళ్ళకు, మోసములకు లేదా దొంగసొమ్ము తరలింపునకు వాడుకొని చేసే నేరములు. ఆంధ్రప్రదేశ్ మరియు తెలంగాణ రాష్ట్రాలలో 2017 తరువాత ఇటువంటి పలు ఉదంతములు వెలుగులోకి వచ్చినవి. ఈ ద్రవ్యమును వాడినవారి ఆచూకీ ఎవరికీ తెలియదనే నమ్మకము విస్తృతంగా ఉన్నది. అది కొంతవరకే నిజము. లావాదేవీల చిట్టా శాశ్వతంగా, అందరికీ కనబడేలా నిలిచి ఉంటుంది గనుక నేరస్థుని జాడ తీయుట సాధ్యమే. అయితే జాడ దొరికినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగి చేతికి రాదు.

మారుపేరు, అజ్ఞాతము

బిట్‌కాయిన్ రూపకల్పనను వివరించిన పత్రము 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో వెలువడినది. తొలి బ్లాకు 2009 జనవరి 3న ఏర్పడినది. ఈ విధానములో ప్రతి చెల్లింపు బ్లాక్‌చైన్ అనబడే బహిరంగ చిట్టాలో నమోదు అవుతుంది. చిట్టాలో మనిషి పేరు ఉండదు. చిరునామా అనబడే అక్షరముల, అంకెల వరుస మాత్రమే ఉంటుంది. కనుక దీనిని అజ్ఞాతము అనుటకంటే మారుపేరు అనుట సమంజసము. కలంపేరుతో వ్రాసే రచయిత అసలు పేరు ఒక్కసారి బయటపడితే ఆయన పాత రచనలన్నియు ఆయనవేనని తెలిసిపోతుంది. అదే విధముగా ఒక చిరునామా ఫలానావారిదని తేలితే దాని పూర్వపు లావాదేవీలన్నియు వారికి ముడిపడతాయి.

జాడ తీసే పద్ధతులు

ఒకే చెల్లింపులో కలిపి ఖర్చు చేసిన పలు చిరునామాలు సాధారణముగా ఒకరి అధీనములోనివే అయి ఉంటాయి. పరిశోధకులు వాటిని ఒక గుంపుగా చేర్చి ఆ గుంపులోని ద్రవ్యము ఎటు కదలుచున్నదో గమనిస్తారు. నేరస్థుడు ఆ ద్రవ్యమును అనుభవించవలెనంటే సాధారణముగా ఏదో ఒకనాడు రూపాయలుగానో, డాలర్లుగానో మార్చుకోవలసి ఉంటుంది. మార్పిడి జరిపే ఎక్స్ఛేంజీలలో అనేకం ఖాతాదారుల గుర్తింపు పత్రములు తీసుకుంటాయి. పోలీసులు అక్కడినుండి వివరములు రాబట్టగలరు.

2016లో బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజీ నుండి 1,19,754 బిట్‌కాయిన్లు దొంగిలించబడినవి. 2022 ఫిబ్రవరిలో అమెరికా అధికారులు న్యూయార్కులో ఒక దంపతులను అరెస్టు చేసి, వాటిలో 94,000కు పైగా స్వాధీనము చేసుకున్నారు. ఐదు సంవత్సరములకు పైగా గడచినను చిట్టాలోని ఆనవాళ్ళు చెదరలేదు.

జాడను చెరిపే ప్రయత్నములు కూడా ఉన్నవి. పలువురి ద్రవ్యమును కలగలిపి తిరిగి పంచే మిక్సర్లు, లావాదేవీ వివరములను దాచిపెట్టే మొనెరో వంటి నాణెములు పరిశోధనను కష్టతరము చేస్తాయి.

వాన్నాక్రై దాడి (2017)

2017 మే 12న వాన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచవ్యాప్తముగా కంప్యూటర్లను స్తంభింపజేసినది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం మరియు శ్రీకాకుళం జిల్లాలలోని కొన్ని పోలీసు విభాగముల కంప్యూటర్లు దీని బారిన పడినవి. దాచిన ఫైళ్ళను తిరిగి తెరుచుటకు 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు చెల్లించవలెనని తెరపై సందేశము కనిపించినది.

ఆ సొమ్ము చేరవలసిన మూడు చిరునామాలు బహిరంగమే. ఎవరు చెల్లించినను ఆ మొత్తము ప్రపంచమంతటికీ కనబడినది. 2017 ఆగస్టులో ఆ చిరునామాలు ఖాళీ చేయబడిన సంగతి కూడా వెంటనే తెలిసినది. ఆ ద్రవ్యములో కొంత మొనెరోగా మార్చబడినది. ఈ దాడి ఉత్తర కొరియా చేసినదని అమెరికా 2017 డిసెంబరులో ప్రకటించినది.

హైదరాబాదు పెట్టుబడి మోసము (2023)

2023 జూలైలో హైదరాబాదు నగర పోలీసులు దేశవ్యాప్తముగా సుమారు 15,000 మంది నుండి 712 కోట్ల రూపాయలు కాజేసిన ముఠాను బయటపెట్టి, తొమ్మిది మందిని అరెస్టు చేశారు. ఆన్‌లైనులో రేటింగులు ఇచ్చే చిన్న పనులకు డబ్బు ఇస్తామని ఆశపెట్టి, తొలుత స్వల్ప లాభము చూపి, పిదప పెద్ద మొత్తములు పెట్టించుట వీరి పద్ధతి. నగరవాసి ఒకరు 28 లక్షల రూపాయలు పోగొట్టుకొని చేసిన ఫిర్యాదుతో దర్యాప్తు మొదలైనది.

బాధితుల సొమ్ము ఇతరుల పేర తెరిచిన బ్యాంకు ఖాతాల గుండా సాగి, క్రిప్టోకరెన్సీగా మారి దేశము దాటినది. అందులో కొంత భాగము హిజ్బుల్లాతో సంబంధమున్న వాలెట్‌కు చేరినదని పోలీసులు వెల్లడించారు. బహిరంగ చిట్టా వలననే ఈ దారి కనిపించినది. కానీ దారి కనిపించునప్పటికే సొమ్ము భారతదేశపు చట్టపరిధిని దాటిపోయినది.

కంబోడియా ముఠాలు (2024)

కోనసీమ మొదలు శ్రీకాకుళం వరకు గల తీరప్రాంతములలో విదేశీ ఉద్యోగములకు ఏజెంట్లను ఆశ్రయించుట పరిపాటి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి పలువురు తెలుగు యువకులను ఏజెంట్లు కంబోడియాకు తరలించారు. అక్కడ వారిచే బలవంతముగా ఆన్‌లైను మోసములు చేయించారు. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ముగ్గురు ఏజెంట్లను అరెస్టు చేశారు. అదే నెలలో సిహనౌక్‌విల్ పట్టణములోని జిన్‌బీ ప్రాంగణములో భారతీయులు తిరుగుబాటు చేయగా, భారత రాయబార కార్యాలయము జోక్యముతో పలువురు స్వదేశము చేరుకున్నారు.

2025 అక్టోబరు 14న అమెరికా న్యాయశాఖ ప్రిన్స్ గ్రూపు అధిపతి చెన్ ఝీపై అభియోగములు ప్రకటించినది. అందులో ఈ జిన్‌బీ ప్రాంగణము ప్రస్తావన కూడా ఉన్నది. సుమారు 1,500 కోట్ల డాలర్ల విలువైన 1,27,271 బిట్‌కాయిన్ల జప్తునకు దావా వేసినది. దీనినిబట్టి ఈ నేరములలో సొమ్ము పోగొట్టుకున్నవారే గాక, మోసము చేయించబడిన వారిలో కూడా బాధితులు ఉన్నారని తెలుస్తున్నది.

చట్టపరమైన స్థితి

బ్యాంకులు క్రిప్టోకరెన్సీ వ్యాపారులకు సేవలు అందించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఇచ్చిన సర్క్యులరును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసినది. 2022 ఏప్రిల్ 1 నుండి ఈ ఆస్తులపై వచ్చే లాభములకు 30 శాతము పన్ను విధించబడినది. 2023 మార్చి 7 నాటి ప్రకటనతో ఎక్స్ఛేంజీలు మనీ లాండరింగ్ నిరోధక చట్టము పరిధిలోకి వచ్చినవి. అప్పటినుండి ఖాతాదారుల గుర్తింపును నమోదు చేయుట, అనుమానాస్పద లావాదేవీలను తెలియజేయుట వాటి బాధ్యత అయినది.

సొమ్ము రాబట్టుటలో పరిమితులు

బ్యాంకు బదిలీ వలె బిట్‌కాయిన్ చెల్లింపును ఆపివేసే కేంద్ర సంస్థ ఏదియు లేదు. టెథర్ వంటి వాటిని జారీ చేసే సంస్థ మాత్రము అనుమానిత చిరునామాలను స్తంభింపజేయగలదు. అయితే ద్రవ్యము అక్కడ ఉండగానే ఆ చర్య జరగవలెను. కనుక మోసము తెలిసిన వెంటనే 1930 నంబరునకు గాని, జాతీయ సైబరు నేరముల ఫిర్యాదు పోర్టలునకు గాని తెలియజేయుట ముఖ్యము. డబ్బు పంపిన చిరునామా, లావాదేవీ సంఖ్య, సంభాషణల ప్రతులు భద్రపరచినచో దర్యాప్తునకు ఉపకరిస్తాయి. పోయిన సొమ్ము రాబట్టి ఇస్తామని ముందుగా రుసుము అడిగేవారు తరచుగా మరొక మోసమునకు పూనుకున్నవారే.