చంకలోని బిడ్డ

బిడ్డను చంకలో నుంచుకొని ఊరెల్ల వెదకినట్లని మన పెద్దలు చెప్పు సామెత యొకటి కలదు. గర్భిణీ వైద్యచరిత్రను తిరుగవేయునపుడు ఆ సామెత పలుమారు జ్ఞప్తికి వచ్చును. కడుపులోని శిశువును కనుగొనుటకై ఆ వైద్యము నూరేండ్లకు పైగా అపారమైన శ్రమ చేసినది. కాని తల్లి చంకనున్న రెండేండ్ల బిడ్డ దాని కంటబడుట అరుదు.

పూర్వము మంత్రసానియే యింటికి వచ్చెడిది. పెద్దబిడ్డ అమ్మమ్మ యొడిలోనో నాయనమ్మ యొడిలోనో ఉండెడిది. నాటి కాన్పులలో ప్రాణాపాయము మెండు. అయినను బిడ్డను ఎవరికి అప్పగింతుమను చిక్కు తక్కువ. గర్భిణిని ముందుగానే పరీక్షింపవలెనను భావము ఇరువదవ శతాబ్దారంభమున బలపడినది. 1901 లో ఎడింబరో ప్రసూతి వైద్యశాలలో బాలంటైన్ అను వైద్యుని యత్నమున గర్భిణులకై ఒక మంచము ప్రత్యేకింపబడినది. 1929 లో బ్రిటిషు ఆరోగ్యశాఖ పరీక్షలకు ఒక క్రమము నేర్పరచినది: 16, 24, 28 వారములందు ఒక్కొక్కటి, 36వ వారము వఱకు పక్షమున కొకటి, ఆపైన వారమున కొకటి. ఇన్ని పర్యాయములు తల్లి యిల్లు కదలినచో పెద్దబిడ్డ గతి యేమో ఆ పట్టిక చెప్పలేదు.

పిమ్మట స్కానింగు వచ్చినది. గ్లాస్గోలోని ప్రసూతి వైద్యాచార్యుడు ఇయన్ డొనాల్డ్ యుద్ధకాలమున వైమానిక దళమున పనిచేసినవాడు. 1955 లో ఆయన శస్త్రచికిత్సలో తీసిన కణితులను రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారమునకు కొనిపోయి, లోహములోని పగుళ్లను పసిగట్టు ధ్వనియంత్రముతో పరీక్షించెను. 1958 లో మాక్‌వికార్ అను వైద్యునితోను, టామ్ బ్రౌన్ అను ఇంజనీరుతోను కలిసి ప్రకటించిన వ్యాసమున గర్భస్థశిశువు ఛాయలును వెలువడినవి. ఇది మహోపకారమే. కాని ఈ పరీక్షకు తల్లి కదలక పరుండవలెను. తొలి నెలలలో నైనచో నీరు త్రాగి, మూత్రాశయము నిండువఱకు వేచియుండవలెను. ఆ మసకగదిలో అమ్మ పొట్టపైకి ఎక్కజూచు పసివాని నెవరు పట్టుకొందురు?

దీనితో సంబంధము లేక వేఱొక చరిత్ర నడచినది. 1844 లో పారిస్ నగరమున ఫిర్మాన్ మార్బో అను న్యాయవాది కూలికి పోవు తల్లుల బిడ్డలకై శిశుశాలను నెలకొల్పెను. మన దేశమున 1948 నాటి కర్మాగారముల చట్టము 50 మందికి మించి స్త్రీలు పనిచేయు చోట శిశుశాల యుండవలెనని ఆదేశించెను. 1976 లో ఆ సంఖ్య 30 కి తగ్గింపబడెను. 2017 నాటి ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలకును ఆ విధిని విస్తరించెను. ఇవన్నియు తల్లి పనిచేయు చోటిని తలచినవి. ఆమె వైద్యమునకు పోవు చోటిని తలవలేదు.

1975 అక్టోబరు 2 న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము గర్భిణిని, పసిబిడ్డను ఒకే అంగన్‌వాడి కప్పు క్రిందికి తెచ్చినది. అయినను అచ్చటి బడి మూడేండ్లు నిండినవారికే. 2016 లో ప్రతినెల 9వ తేదీన గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుపు పథకము మొదలైనది. అదే యేట ప్రపంచ ఆరోగ్యసంస్థ ఎనిమిది పర్యాయముల వైద్యదర్శనమును, 24 వారములలోపల ఒక స్కానింగును సూచించినది. 2020 లో కోవిడు ప్రబలినపుడు అనేక దేశముల వైద్యశాలలు గర్భిణి వెంట ఎవ్వరిని రానీయలేదు. బిడ్డను అప్పగించుటకు దిక్కులేని తల్లికి అది మూసిన తలుపే.

పుట్టినింటికి దూరముగా పట్టణమున కాపురమున్నవారికి అమ్మమ్మ యొడి అందదు. భర్త పని మానినచో ఆనాటి కూలి పోవును. అట్టి తల్లి పరీక్ష తప్పినచో నిర్లక్ష్యమని నిందించుట సులభము. వైద్యశాలలో ఒక గది, ఒక చాప, నాలుగు బొమ్మలు, కనిపెట్టియుండు ఒక ఆయా ఉన్న చాలును. అవి సమకూడు వఱకు ఇరుగుపొరుగులే దిక్కు. పొరుగింటి కోడలు స్కానింగునకు పోవునాడు ఆమె బిడ్డను ఒక్కపూట మన యింట నుంచుకొనుటయు ప్రసూతి వైద్యములో భాగమే.