జోలె పట్టిన కథకుడు

జగ్గయ్యపేట పేరులోనే ఒక దాత కథ ఉంది. బేతవోలు అనే పల్లెను వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పట్టణంగా పెంచి, తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. ఆయన 1816లో చనిపోయాడు. దానధర్మాల కీర్తి మాత్రం నేటికీ మిగిలింది. అయితే ఆ దానం చేసిన సొమ్ము ఎవరిది? రైతు కట్టిన శిస్తు. జమీందారీ దాతృత్వ చరిత్రలో ఈ ప్రశ్నకు చోటు లేదు. దానికి చోటిచ్చిన మరో దాతృత్వం మన ఆంధ్రదేశంలో పాటలోంచి పుట్టింది.

జంగం కథ యాచకుల కళ. కథకుడు తంబుర మీటి, అందెలు మోగించి, ఇరువైపులా వంతలు గుమ్మెటలు వాయిస్తుండగా కథ చెప్పి, చివరకు తన పొట్టకోసం చేయి చాచేవాడు. 1940లలో అభ్యుదయ కళాకారులు దాన్ని బుర్రకథగా తీర్చి, తమకోసం కాక ఇతరులకోసం జోలె పట్టారు. వారిలో అగ్రగణ్యుడు షేక్ నాజర్.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పేద దూదేకుల కుటుంబంలో పుట్టాడు. కుట్టుపని చేసి బతికాడు. ప్రజానాట్యమండలిలో చేరి, వేలాది జనాన్ని కూర్చున్నచోటునుంచి కదలనీయని కథకుడయ్యాడు.

1943 వంగదేశపు కరువులో దాదాపు ముప్పై లక్షలమంది మరణించారు. వినయ్ రాయ్ దళం వంగదేశం దాటి వచ్చి, పాడి చందాలు పోగుచేసింది. తెలుగునాట నాజర్ ఆ కరువునే బుర్రకథగా చెప్పాడు. కన్నీరు పెట్టించడం ఏ కథకుడికైనా సాధ్యమే. యుద్ధకాలపు ధరలు, దొంగనిల్వలు, పరప్రభుత్వపు ఉపేక్ష కలిసి కూలివాడి నోటికాడ కూడు తీశాయని చెప్పడం అభ్యుదయ కళ ప్రత్యేకత. జాలి అక్కడ విచారణగా మారింది.

అందుకే పాలకులు జడిశారు. నందిగామ, జగ్గయ్యపేటల మీదుగా పోయే బెజవాడ–హైదరాబాదు బాట ఆనాడు రెండు రాజ్యాల ఎల్లను దాటేది. ఇవతల మద్రాసు ప్రభుత్వం, అవతల నిజాం. ఒకరితో ఒకరికి పడని ఆ ఇద్దరూ బుర్రకథను నిషేధించడంలో మాత్రం ఏకమయ్యారు! అన్నదానాన్ని ఏ ప్రభుత్వమూ నిషేధించదు. అన్నం ఎందుకు లేదని అడగడాన్నే నిషేధిస్తుంది.

పడమటి దేశాల అనుభవమూ ఇదే చెబుతుంది. ఐర్లండు రాక్ గాయకుడు బాబ్ గెల్డాఫ్ 1985 జూలై 13న లండన్, ఫిలడెల్ఫియా నగరాల్లో ‘లైవ్ ఎయిడ్’ కచేరీలు జరిపించి, ఇథియోపియా కరువుకు కోట్లు సేకరించాడు. ఆ డబ్బు ప్రాణాలు నిలిపింది, కాదనలేం. కాని కరువును పెంచిన అంతర్యుద్ధం ఆ వేదిక మీద కనిపించలేదు. ఇరవై ఏళ్ల తరువాత, 2005లో, అదే గాయకుడు చందాలకు బదులు పేదదేశాల అప్పులు రద్దుచేయమని సంపన్న రాజ్యాలను అడిగాడు. నాజర్ తరం మొదటి అడుగులోనే చేరిన చోటికి ఆయన రెండు దశాబ్దాలకు చేరాడు.

మన లోపమూ ఒప్పుకోవాలి. నిర్బంధంతో దళాలు చెదిరాక చాలామంది కళాకారులు సినిమాలకు పోయారు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన కన్నుమూశాడు. అందరికోసం జోలె పట్టినవారి బతుకుల గురించి ఉద్యమం ఎంత తలపోసింది?

2023 జూలైలో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మునిగింది. ఏరు మళ్లీ పొంగుతుంది. విద్యార్థులు మళ్లీ చందా డబ్బాలు పట్టుకుని వీధుల్లోకి వస్తారు. రావాలి. అయితే డబ్బాతోపాటు నాజర్ అడిగిన ప్రశ్ననూ వెంట తీసుకురావాలి.