కుదువపడిన కిరీటం: కూర్తెనే ఫిలిప్ చక్రవర్తిత్వ హక్కు

రాజ్యం పోయినా రాజబిరుదు మిగులుతుంది. అలా మిగిలిన బిరుదు ఎవరికి, ఎందుకు ఉపయోగపడిందన్నది 13వ శతాబ్దపు మధ్యధరా చరిత్రలో కూర్తెనే ఫిలిప్ ఉదంతం ద్వారా స్పష్టమవుతుంది.

1204లో నాలుగో క్రూసేడు సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్‌ను ఆక్రమించి లాటిన్ సామ్రాజ్యాన్ని స్థాపించాయి. దాని చివరి చక్రవర్తి రెండో బాల్డ్విన్ ధనాభావం వల్ల తన కుమారుడైన ఫిలిప్‌నే వెనిస్ వర్తకుల వద్ద కుదువ పెట్టి రుణం తెచ్చుకున్నాడు. ఫిలిప్ విడుదలకు కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో ధనసహాయం తోడ్పడింది. 1261 జూలైలో ఎనిమిదో మిఖాయేల్ పాలియోలోగస్ సైన్యం నగరాన్ని తిరిగి గ్రీకుల వశం చేసింది. బాల్డ్విన్ పశ్చిమ ఐరోపాకు పారిపోయాడు.

ప్రవాసంలో అతనికి మిగిలిన ఆస్తి హక్కు ఒక్కటే. 1267లో విటెర్బో ఒప్పందం ద్వారా దానినీ పంచుకోవలసివచ్చింది. జయించబోయే భూభాగంలో మూడోవంతు సిసిలీ రాజైన ఆంజూ షార్ల్‌కు చెందుతుంది. ఫిలిప్ షార్ల్ కుమార్తె బియాట్రిస్‌ను వివాహమాడాలి. వారసులు లేకపోతే సింహాసన హక్కు ఆంజూ వంశానికే దక్కుతుంది. 1273లో వివాహం జరిగింది. ఆ ఏడాదే తండ్రి మరణించడంతో ఫిలిప్ నామమాత్రపు చక్రవర్తి అయ్యాడు.

ఈ హక్కును వట్టి అలంకారంగా భావించడం సరికాదు. షార్ల్ దండయాత్రకు అది న్యాయరూపాన్ని కల్పించింది. ఆ ముప్పును తప్పించుకోవడానికే మిఖాయేల్ స్వదేశంలో తీవ్ర వ్యతిరేకత ఉన్నా, 1274 లియోన్ మహాసభలో రోమన్ చర్చితో ఐక్యతకు అంగీకరించాడు. 1281లో షార్ల్, ఫిలిప్, వెనిస్‌ల మధ్య కుదిరిన ఓర్వియెటో ఒప్పందం ప్రకటించిన లక్ష్యం కూడా ఫిలిప్ పునఃప్రతిష్ఠే. 1283 ఏప్రిల్ నాటికి నౌకాదళం బయలుదేరాలని నిర్ణయమైంది. అయితే 1282 మార్చి 30న పలెర్మోలో రాజుకున్న తిరుగుబాటు షార్ల్ బలాన్ని సిసిలీ వైపు మళ్లించింది. మరుసటి ఏడాది ఫిలిప్ మరణించాడు.

హక్కు మాత్రం మరణించలేదు. అతని కుమార్తె కాథరిన్‌ను 1301లో ఫ్రాన్స్ రాజు సోదరుడు వాల్వా షార్ల్ వివాహమాడి, అదే సింహాసనం కోసం ప్రయత్నించాడు. బాల్యంలో రుణానికి హామీగా నిలిచిన ఫిలిప్, యౌవనంలో ఇతరుల సామ్రాజ్యకాంక్షకు హామీ అయ్యాడు. సైన్యం లేని హక్కుకు విలువ ఉంటుంది. కాని ఆ విలువను నిర్ణయించేది హక్కుదారుడు కాదు, సైన్యమున్నవాడు.