పశువైద్యం అంటే సూది మందు ఒక్కటేనా?



మన గూడేల్లో, తండాల్లో ఎద్దు మేత మానేస్తే డాక్టర్‌ని పిలుస్తాం, సూది వేయిస్తాం. పశువైద్యం అంటే అంతే అనుకుంటాం. కానీ ఈ చదువు పుట్టిందే మందలకు మందలు చచ్చిపోకుండా ఆపడానికి.

1761లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో క్లాడ్ బూర్జెలా మొదటి పశువైద్య పాఠశాలకు అనుమతి తెచ్చుకున్నాడు. అప్పుడు యూరప్ పశువులను రిండర్‌పెస్ట్ ఊడ్చేస్తోంది. మనవాళ్లు ముసర వ్యాధి అన్నది దీన్నే. జ్వరం, నోట్లో పుండ్లు, ఆగని పారుడు, కొద్ది రోజుల్లో చావు. 1880ల చివర్లో ఇది ఇథియోపియాలో పడితే ఎద్దులు పోయాయి, దుక్కులు ఆగాయి, కరువొచ్చి మనుషులూ పోయారు. పశువు పోతే మనిషి ఏమవుతాడో అరక కట్టే మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మన దేశంలో 1889లో పూణేలో దీని కోసం ప్రయోగశాల పెట్టారు. తర్వాత దాన్ని ముక్తేశ్వర్ కొండల్లోకి మార్చారు. 1920ల్లో అక్కడే ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త మేకల ద్వారా వైరస్ బలం తగ్గించి టీకా తయారుచేశాడు. 1954 నుంచి దేశమంతా టీకాలు వేశారు. 1995 తర్వాత ఇక్కడ ఆ రోగం కనబడలేదు.

అసలు మనం తెలుసుకోవాల్సింది ఇక్కడుంది. ఆఫ్రికాలో డాక్టర్లు వెళ్లలేని ఎడారుల్లో, యుద్ధం జరిగే చోట్ల రోగం మిగిలిపోయింది. 1990ల్లో వేడికి తట్టుకునే టీకా ఇచ్చి, ఇథియోపియాలోని అఫార్ లాంటి పశుపాలక తెగల వాళ్లకే శిక్షణ ఇచ్చారు. మంద ఎక్కడ మేస్తుందో, ఏ పశువు నలతగా ఉందో వాళ్లకు తెలుసు. టీకాలు వాళ్లే వేశారు. 2011లో ప్రపంచం నుంచి ఈ రోగం పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా నిర్మూలించిన రోగం ఇదొక్కటే.

కాబట్టి పశువైద్యం అంటే చికిత్స ఒక్కటే కాదు. రోగం రాకముందే టీకా, శుభ్రమైన పాలు, మాంసం, పశువుల నుంచి మనుషులకు వచ్చే ఆంత్రాక్స్, రేబీస్ లాంటివి ఆపడం, అన్నీ అందులోవే. అనుమానంగా చచ్చిన పశువును కోసి పంచుకోవద్దని ఊళ్లో చెప్పడం కూడా పశువైద్యమే.

మన పెద్దలకు పశువుల సంగతి బాగా తెలుసు. దానికి చదువు తోడైతే చాలు. ఇంటర్‌లో బైపీసీ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు దీని గురించి ఒకసారి ఆలోచించండి. మన మందల దగ్గరికి డాక్టర్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసే బదులు, ఆ డాక్టర్ మనలోంచే రావాలి.