వింటినారి ఆగే చోటు

ఆగస్టు 9 వచ్చిందంటే మన ఊళ్లలో ఊరేగింపులు, కొమ్ముబూరలు, డోలు చప్పుళ్లు. భుజాన విల్లు లేని యువకుడు కనిపించడు. వేదిక పక్కన బాణం ఎక్కుపెట్టినట్టు నిలబడి ఫోటోలు దిగుతాం. ఈ సంచిక కోసం అలాంటి ఫోటోలు ఏరుతున్నప్పుడు మాకు ఒక సంగతి తట్టింది. ఒకరు నారిని రొమ్ము దగ్గర ఆపారు. ఒకరు గడ్డం కింద ఆపారు. ఇంకొకరు చెవి దాటించారు. ఒకే అబ్బాయి రెండు ఫోటోల్లో రెండు చోట్ల ఆపాడు. విల్లు మన చేతిలో ఉంది, నారి ఎక్కడ ఆగాలో మాత్రం మరిచిపోతున్నాం.

ఆ చోటు చరిత్రే ఈ వ్యాసం. క్రీడా మైదానంలో దాన్ని యాంకర్ పాయింట్ అంటారు. పడవకు లంగరు ఎలాగో, నారి లాగిన చేతికి ఇది అలాగ. చేయి ప్రతిసారీ ముఖం మీద ఒకే చోట ఆగాలి. తుపాకీకి ముందొక గురి, వెనకొక గురి ఉంటాయి. విల్లుకు వెనక గురి మన ముఖమే. అది కదిలితే ముందు ఎంత సూటిగా చూసినా లాభం లేదు.

ఎంత కదిలితే ఎంత తప్పుతుంది? లాగిన నారికీ విల్లు పిడికీ మధ్య సుమారు 70 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంది. దవడ దగ్గర చేయి ఒక్క మిల్లీమీటరు పైకో కిందికో జరిగితే, అక్కడ బాణం సుమారు 7 సెంటీమీటర్లు తప్పుతుంది. కాంపౌండ్ పోటీల లక్ష్యంలో 10 పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లే. అంటే నడిమధ్య తగలవలసిన బాణం 9లోకి పోతుంది. సెంటీమీటరు జరిగితే లక్ష్యమే దాటిపోతుంది.

చెవి నుంచి కంటి కిందికి

తెలుగులో 'ఆకర్ణాంతం' అనే మాట ఉంది. నారిని చెవి దాకా లాగడం అని అర్థం. కథల్లో వీరులందరూ అలాగే లాగుతారు. ఆ మాటలోనే ఒక పాత యాంకర్ పాయింట్ దాగి ఉంది.

ఇంగ్లండులోనూ పాత పద్ధతి అదే. 1545లో రోజర్ ఆస్కమ్ 'టాక్సోఫిలస్' అనే పుస్తకం రాశాడు. నిలబడడం, బాణం తొడగడం, లాగడం, పట్టి ఉంచడం, వదలడం అని విలువిద్యను ఐదు అంగాలుగా విడదీశాడు. నారిని రొమ్ము దాకా కాదు, చెవి దాకా లాగాలన్నాడు. ఎంత వెనక్కి లాగితే బాణానికి అంత బలం. అయితే చెవి దగ్గర ఆపిన బాణం కంటికి పక్కగా ఉంటుంది. చూపు ఒక దారి, బాణం ఇంకో దారి.

ఈ చిక్కును మూడు వందల ఏళ్ల తరువాత హొరేస్ ఫోర్డ్ విప్పాడు. బాణం సరిగ్గా గురి చూసే కంటి కిందే ఉండాలన్నాడు, నారిని చెవి దాకా కాక ముఖం ముందే ఆపాడు. 1856లో పుస్తకం రాశాడు. 1857లో చెల్టెన్‌హామ్‌లో 288 బాణాల పోటీలో 245 తగిలించి 1271 పాయింట్లు సాధించాడు. ఇంగ్లండు జాతీయ పోటీల్లో పన్నెండుసార్లు విజేతగా నిలిచాడు. ఈనాడు మైదానంలో గడ్డం కింద చేయి ఆనించి నిలబడే ప్రతి విలుకాడూ అతని దారిలోనే నడుస్తున్నాడు.

ఇషి నేర్పిన పాఠం

ఇక్కడ మన యువత తప్పక తెలుసుకోవలసిన పేరు ఒకటి ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా కొండల్లో యాహి అనే ఆదివాసీ తెగ ఉండేది. బంగారం కోసం వచ్చిన వలసదారులు ఆ తెగను ఊచకోత కోశారు. మిగిలిన చివరి మనిషి 1911 ఆగస్టులో ఆకలితో ఓరోవిల్ పట్టణం అంచుకు చేరాడు. తన పేరు తాను చెప్పుకోవడం వారి ఆచారం కాదు. అందుకే పరిశోధకులు అతన్ని 'ఇషి' అని పిలిచారు. వారి భాషలో ఆ మాటకు 'మనిషి' అని అర్థం.

ఇషికి వైద్యం చేసిన శాక్స్‌టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర విల్లు చేయడం, బాణం వేయడం, వేటాడడం నేర్చుకున్నాడు. 1916లో ఇషి క్షయతో చనిపోయాడు. పోప్ 1923లో వింటితో వేట గురించి పుస్తకం రాశాడు. అమెరికాలో విల్లు వేట మళ్లీ ప్రాణం పోసుకోవడానికి ఆ పుస్తకం ఒక ముఖ్య కారణం. సర్వం కోల్పోయిన ఒక ఆదివాసీ, తనవాళ్లను చంపినవారి పిల్లలకు విలువిద్య నేర్పి వెళ్లాడు.

గిలకల విల్లు, నారి మీది బిళ్ళ

ఆ వేటగాళ్ల లోకంలోనే కాంపౌండ్ విల్లు పుట్టింది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ మామూలు వింటి కొసలు కోసి వాటికి గిలకలు బిగించాడు. 1966లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1969 డిసెంబరులో అది మంజూరైంది. ఈ గిలకలు నారి పూర్తిగా లాగాక బరువు తగ్గిస్తాయి. 60 పౌండ్ల వింటికి 80 శాతం తగ్గితే చేతిలో మిగిలేది 12 పౌండ్లే. గురి చూడడానికి తీరిక దొరుకుతుంది.

అయితే కొత్త చిక్కు ఒకటి వచ్చింది. కాంపౌండ్ విల్లు పొట్టిది. లాగినప్పుడు నారి ముఖం దగ్గర బాగా ముడుచుకుని కోణం ఇరుకవుతుంది. పొడుగు వింటి నారి ముక్కునూ పెదవులనూ గడ్డాన్నీ ఒకేసారి తాకుతుంది. పొట్టి వింటి నారి అలా తాకదు. ముఖానికి ఆనవాళ్లు తగ్గాయి కాబట్టి నారికి ఆనవాళ్లు కట్టవలసి వచ్చింది.

వాటిలో ఒకటి కిస్సర్ బటన్. నారికి బిగించే చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. పూర్తిగా లాగినప్పుడు అది పెదవుల మూలకు తగలాలి. తగలకపోతే చేయి దారి తప్పిందని అర్థం. రెండోది పీప్ సైట్. నారి పోగుల మధ్య ఇరికించిన చిన్న రంధ్రం. కంటి ముందుకు వచ్చిన ఆ రంధ్రంలో నుంచి ముందున్న గురి గుండ్రంగా, మధ్యలో కనిపించాలి. పక్కకు జరిగి కనిపిస్తే తల వంగింది, లేదా విల్లు వాలింది.

వీటిని అమర్చే వరస ముఖ్యం. ముందు కళ్లు మూసుకుని నారి లాగాలి. మెడ వంచకుండా చేయి హాయిగా ఆగే చోటు పదిసార్లు, ఇరవైసార్లు చూసుకోవాలి. అప్పుడు కళ్లు తెరిస్తే బిళ్ళ ఎక్కడ ఉండాలో, రంధ్రం ఎంత ఎత్తులో ఉండాలో శిక్షకుడు గుర్తు పెడతాడు. చాలామంది తిరగేసి చేస్తారు. ముందే బిగించి ఉన్న బిళ్ళను వెతుక్కుంటూ తల ముందుకు చాపుతారు. అప్పుడు బిళ్ళ సాక్షిగా ఉండడం మాని యజమాని అవుతుంది.

పోటీ నియమాలూ తెలుసుకోండి. కాంపౌండ్‌లో పెదవి గుర్తు, ముక్కు గుర్తు, పీప్ సైట్ అన్నీ వాడవచ్చు. ఒలింపిక్స్‌లో చూసే రికర్వ్‌లో సెంటీమీటరు మించని ఒక గుర్తు మాత్రమే పెట్టుకోవచ్చు, పీప్ సైట్ కుదరదు. బేర్‌బో విభాగంలో నారి మీద ఆ గుర్తు కూడా ఉండకూడదు. మన తాతలు పట్టిన విల్లు ఈ మూడో విభాగానికి దగ్గర. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీ తొలిసారి చేరుతోంది.

రక్తంలో ఉందా?

'అడవి బిడ్డలకు విలువిద్య పుట్టుకతోనే వస్తుంది' అని వేదికల మీద అంటుంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఆ మాట మన పిల్లలకు మేలు చేయదు. గెలిస్తే అది రక్తం గొప్ప అంటారు, ఓడితే సాధన లేదని పిల్లవాణ్ణి అంటారు. అతనికి శిక్షకుడు ఉన్నాడా, లక్షల ఖరీదు చేసే కాంపౌండ్ విల్లు ఎవరైనా ఇచ్చారా అని అడిగేవారు తక్కువ.

రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ చిన్నప్పుడు వెదురు వింటితో పిట్టలను కొట్టేవాడు. శిక్షణ దొరికాక 1988, 1992, 1996 ఒలింపిక్స్‌లో దేశం తరఫున నిలిచాడు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ పట్టణంలో పెరిగింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. ఒకరిది అడవి, ఒకరిది పట్టణం. ఇద్దరినీ నిలబెట్టింది సాధన. మన తాతలకూ విద్య రక్తంలో రాలేదు. నడక వచ్చిన నాటి నుంచి రోజూ లాగి లాగి చేతికి నేర్పారు. బిళ్ళ లేకుండా దవడకు నేర్పారు. దాన్ని రక్తం అనడం వారి కష్టాన్ని తక్కువ చేయడమే.

మన వంతు

1972 వన్యప్రాణి చట్టం తరువాత వేట ఆగింది. అది మంచికే అనుకున్నా, వేటతో పాటు చేతి విద్య కూడా ఆగిపోతోంది. ఇటుకల పండుగ వేటలకు వెళ్లిన పెద్దలు, వెదురు బద్దనే నారిగా కట్టిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వారు నారి ఎక్కడ ఆపేవారు? ఎన్ని వేళ్లతో లాగేవారు? దగ్గరి గురికి ఒక చోటు, దూరపు గురికి ఒక చోటు ఉండేదా?

ఈ ఏడాది ప్రతి ఊళ్లో ఒక పని చేద్దాం. విల్లు పట్టిన తాత దగ్గరికి వెళ్దాం. ఆయన ఒప్పుకుంటే, నారి లాగి ఆపినప్పుడు పక్క నుంచి ఫోటో తీద్దాం. ఆయన మాటల్లోనే రాసుకుందాం. వచ్చే ఆగస్టు 9న మనం విల్లు పట్టి ఫోటో దిగే ముందు ఆ ఫోటో చూసి, మన చేయి ఎక్కడ ఆగిందో సరిచూసుకుందాం.

జోహార్!